ముసుగు ఎవరికి ఉండాలి?

ఒక ఇల్లాలిని ఊహించుకోండి. పిల్లలు పడుకున్నాక కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. తలుపు దగ్గరగా వేసి, మైకు సరిచేసుకుంటుంది. తెరమీద ఆమె రూపం వేరు... జిగేల్మనే గౌను, నడుము దాటిన జుట్టు, ఎవరూ గుర్తుపట్టని పేరు. చుట్టూ దీపాలు వెలిగే వేదిక. ఎదుట కూర్చున్నవాళ్లవీ మారువేషాలే. గొంతు మాత్రం అచ్చంగా ఆమెదే!

'సెకండ్ లైఫ్' లాంటి ఆన్‌లైన్ లోకాల్లో కనిపించే దృశ్యమిది. అమెరికాకు చెందిన లిండెన్ ల్యాబ్ దీన్ని 2003లో మొదలుపెట్టింది. అక్కడ ఎవరికి నచ్చిన అవతారం వాళ్లు ఎత్తొచ్చు. ఇల్లు కట్టుకోవచ్చు, దుకాణం పెట్టొచ్చు, కచేరీ చేయొచ్చు. 2006లో ప్రముఖ గాయని సుజాన్ వేగా కూడా అవతారమెత్తి అక్కడ పాడారు.

పాటలున్నచోట పోటీలుంటాయి. పోటీలున్నచోట అలకలూ ఉంటాయి.

మూడు వారాలు సాధన చేసి పాడిన ఆ ఇల్లాలికి బహుమతి రాలేదనుకోండి. గెలిచిన అమ్మాయి, మార్కులేసిన వ్యక్తి రోజూ ఒకే బృందంలో తిరిగేవాళ్లే. 'అదేంటి?' అని అడిగితే ఒకటే జవాబు... 'న్యాయనిర్ణేతలదే తుది నిర్ణయం'. పోనీ, ప్రేక్షకుల ఓటుకు వదిలేద్దామా? ఒకే మనిషికి నాలుగు అవతారాలుంటే నాలుగు ఓట్లు పడతాయి! వేషం బొమ్మదే కానీ, బాధ మాత్రం మనిషిది.

మరి ముసుగుల్లేని చోట అంతా సవ్యంగానే జరుగుతుందా? 2002 ఫిబ్రవరి... అమెరికాలోని సాల్ట్‌లేక్ సిటీలో శీతాకాల ఒలింపిక్స్. ఫిగర్ స్కేటింగ్ జంటల పోటీలో తొమ్మిది మంది న్యాయనిర్ణేతల్లో అయిదుగురు రష్యా జంటకు, నలుగురు కెనడా జంటకు మొదటి స్థానమిచ్చారు. తనపై ఒత్తిడి తెచ్చారని ఫ్రాన్స్ న్యాయనిర్ణేత చెప్పారు. తర్వాత ఆ మాట వెనక్కి తీసుకున్నారు. పెద్ద దుమారమే రేగింది. చివరికి కెనడా జంటకూ స్వర్ణం ఇచ్చారు. ఆ న్యాయనిర్ణేతను మూడేళ్లు సస్పెండ్ చేశారు.

ఆరు మార్కుల పాత పద్ధతి పోయి, 2004లో కొత్త విధానం వచ్చింది. ప్రతి విన్యాసానికీ విడివిడిగా మార్కులు. బాగానే ఉంది. కానీ ఒత్తిళ్లు ఉండకూడదన్న ఉద్దేశంతో, ఏ మార్కు ఎవరు వేశారో బయటికి తెలియకుండా చేశారు. అంటే న్యాయనిర్ణేతకే ముసుగు తొడిగారన్నమాట! దాంతో పక్షపాతం ఉన్నా పట్టుకునే దారి మూసుకుపోయింది. విమర్శలు ఆగలేదు. 2016లో ఆ గోప్యతకు స్వస్తి పలికారు.

ఆన్‌లైన్ లోకానికీ ఇదే పాఠం. పాడేవాళ్లు ఏ వేషమైనా వేసుకోనీ, ఏ పేరైనా పెట్టుకోనీ... పాట వింటే చాలు. మార్కులేసేవాళ్లకు మాత్రం ముసుగు పనికిరాదు. దేనికెన్ని మార్కులో ముందే చెప్పాలి. స్నేహితులు బరిలో ఉంటే తప్పుకోవాలి. వేసిన మార్కుల పక్కన తమ పేరు రాయాలి. అందరూ నిజాయతీపరులే కావొచ్చు. అయినా అది కంటికి కనిపించాలిగా!

మళ్లీ రాత్రవుతుంది. పిల్లలు పడుకుంటారు. ఆ ఇల్లాలు మైకు సరిచేసుకుంటుంది. ఈసారీ గెలవకపోవచ్చు. ఎందుకు గెలవలేదో ఎవరైనా చెబితే చాలు... ఇంకో మూడు వారాలు సాధన చేస్తుంది.