మా చిట్టి దొడ్డిదారి పట్టింది!

మీలో ఎంతమంది ఇళ్ళల్లో కుక్కపిల్ల ఉంది? అందులోనూ ఆ తెల్లటి బొచ్చు చిన్నజాతి పిల్ల? ఉంటే ఈ నాలుగు మాటలూ మీకోసమే. లేదూ, పిల్లల పోరు పడలేక రేపో మాపో తెద్దామనుకుంటున్నారా? అయితే తెచ్చే ముందే చదవండి. దానికి ఏం పేరు పెట్టాలో, ఏ సబ్బుతో స్నానం చేయించాలో అందరూ చెప్తారు. "ఇల్లంతా పాడు చేస్తుందే, ఆ సంగతేంటి?" అని అడిగితే మాత్రం నవ్వి ఊరుకుంటారు. అలా నవ్విన ఇళ్ళకు మూడు నెలలు పోయాక వెళ్ళి చూడండి, చాలాచోట్ల కుక్కపిల్ల కనిపించదు.

మాది భద్రాచలం. 2016లో జిల్లా పేరు భద్రాద్రి కొత్తగూడెం అయినా మా నోట్లో ఇంకా ఖమ్మం జిల్లానే నలుగుతుంది. ఇటు గోదావరి, అటు అడవి. సంక్రాంతి వెళ్ళిన వారానికి మా చిన్నోడు రెండు నెలల పిల్లను చంకలో పెట్టుకొచ్చాడు. పామేరియన్ అని చెప్పి ఇచ్చారట. నిజానికి మన దగ్గర ఆ పేరుతో తిరిగేవాటిలో చాలా భాగం ఇండియన్ స్పిట్జ్ జాతివి. 1994లో వచ్చిన 'హమ్ ఆప్‌కే హై కౌన్' సినిమాలో టఫీ గుర్తుందా? అదీ ఈ జాతిదే. ఏదైతేనేం, పిడికెడు దూదిలా ఉంది. చిట్టి అని పేరు పెట్టుకున్నాం.

ఇంకోమాట. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017లో కేంద్ర ప్రభుత్వం నిబంధన పెట్టింది. అంతకన్నా ముందే తల్లి దగ్గర నుంచి లాక్కొస్తే దానికి తిండీ సరిగ్గా పట్టదు, శుభ్రమూ పట్టదు. తల్లి పడుకున్న చోటు తడవకుండా పక్కకు వెళ్ళడం పిల్ల మొదట అక్కడే మొదలుపెడుతుంది.

మూడోరోజు పొద్దున పూజగది గడప పక్కన చిట్టి చేసిన నిర్వాకం చూసి మా అత్తమ్మ ఒకటే మాటన్నారు. "శ్రీరామనవమికి ఇంటినిండా చుట్టాలొస్తారు. ఆలోగా దీనికి తెలివొస్తే సరి. లేకపోతే ఎవరికన్నా ఇచ్చెయ్యండి."

భద్రాచలంలో ఇల్లున్నవాళ్ళకు నవమి అంటే ఏమిటో వేరే చెప్పాలా? రాములవారి కల్యాణానికి ఎక్కడెక్కడి చుట్టాలూ దిగుతారు. హాల్లో చాపల మీద పడకలు, వరండాలో చెప్పుల గుట్ట. ఆ ఇంట్లో కుక్కపిల్ల ఎక్కడపడితే అక్కడ పోస్తే అత్తమ్మ కోపంలో న్యాయం లేదని నేనెట్లా అంటాను?

కానీ "ఇచ్చెయ్యడం" అంటే ఏమిటో కూడా నాకు తెలుసు. ఒకసారి ఖమ్మం నుంచి వస్తుంటే పాల్వంచ దాటాక అడవి రోడ్డులో బస్సు కిటికీలోంచి చూశాను. తెల్లకుక్క, బొచ్చంతా ఎర్రమట్టి. మెడలో బెల్టు అట్లాగే ఉంది. వచ్చే ప్రతి బండికీ తోక ఊపుతూ ఎదురొస్తోంది. దాన్ని అక్కడ దించినవాళ్ళ బండి కోసమే అయ్యుంటుంది. ఊరకుక్కైతే నాలుగు ఇళ్ళు తిరిగి బతుకుతుంది. సోఫా మీద పెరిగిన చిన్నజాతి కుక్క అడవి అంచున ఎన్నాళ్ళుంటుంది చెప్పండి? తిండీ నీళ్ళూ లేక బాధపడేలా జంతువును వదిలెయ్యడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం కూడాను. అందుకే చిట్టికి ఒకటికీ రెంటికీ చోటు నేర్పడం నాకు పరీక్షే అయింది. నవమికి ఇంకా రెండు నెలల పైచిలుకు గడువుంది.

కొడితే ఏమవుతుంది?

మా చిన్నోడు పేపరు చుట్ట చుట్టి దెబ్బ వెయ్యబోయాడు. చెయ్యి పట్టుకున్నాను. "ఏ పేపరు మీద పొమ్మంటున్నామో ఆ పేపరుతోనే కొడితే అదేం నేర్చుకుంటుందిరా?" అన్నాను. మావారేమో ముక్కు పట్టుకుని తడిలో రాస్తే బుద్ధొస్తుందని ఎవరో ఆఫీసులో చెప్పారన్నారు. అదీ వద్దన్నాను. కుక్కపిల్లకు అయిదు నిమిషాల కింద చేసిన పని, ఇప్పుడు పడ్డ దెబ్బ, ఈ రెండింటికీ లంకె తెలియదు. దానికి తెలిసేదల్లా మనుషులెదురుగా పోస్తే దెబ్బ పడుతుందని. ఇక బీరువా వెనకా మంచం కిందా దాక్కుని పోస్తుంది. మీరు బయటికి తీసుకెళ్ళి నిలబెట్టినా మీ ముందు పొయ్యదు. లోపలికి రాగానే పోస్తుంది. "పొగరు దీనికి" అనుకుంటాం. పొగరు కాదు, భయం.

అడ్డాకుల కట్టలు తెచ్చే కోయ ఆమె ఒకరు వారానికోసారి మా ఇంటికి వస్తారు. చిట్టిని చూసి నవ్వి, "పండుకునే కాడ అది పోసుకోదమ్మా. పండుకునే జాగా చిన్నది చెయ్యి" అన్నారు. ఎన్ని పుస్తకాలు చదివినా ఇంత సులువుగా చెప్పేవాళ్ళుండరు. పళ్ళు వచ్చిన చెక్కపెట్టె ఒకటి కడిగి, పాత నేతచీర మడతలు వేసి, చిట్టి తిరిగి పడుకోవడానికి మాత్రమే సరిపోయేలా చేశాను. మరీ పెద్దదైతే ఒక మూల పడుకుని ఇంకో మూల పాడు చేస్తుంది. పెట్టె శిక్ష వేసే చోటు కాకూడదు. రాత్రి నిద్రకూ, పగలు మనం పొయ్యి దగ్గర ఉన్న కాసేపటికీ మాత్రమే.

గడియారం పట్టుకోండి

చిన్నజాతి పిల్లకు మూత్రాశయం చిన్నది. రెండు నెలల పిల్ల పగలు రెండు గంటలకు మించి ఆపుకోలేదు. మూడో నెలలో మూడు గంటలు, నాలుగో నెలలో నాలుగు... ఇంచుమించుగా నెలకో గంట లెక్క. ఆడుతున్నప్పుడు అదీ ఉండదు. పెద్దజాతి పిల్లల కన్నా వీటికి ఆలస్యంగా పట్టుబడుతుంది కాబట్టి పక్కింటి అల్సేషన్‌తో పోల్చి బెంగపడకండి.

తప్పనిసరిగా తీసుకెళ్ళాల్సిన వేళలు ఇవి: నిద్ర లేవగానే, తిన్న పది ఇరవై నిమిషాలకు, ఆట ఆపగానే, పడుకోబోయే ముందు. రాత్రి ఒకసారి లేవాలి. నేను రెండింటికి అలారం పెట్టుకున్నాను. తిండి రోజూ ఒకే వేళకు నాలుగుసార్లు పెడితే రెండోది కూడా వేళకే వస్తుంది. ఎప్పుడుపడితే అప్పుడు బిస్కెట్లు పెడితే మన లెక్క తప్పుతుంది. పాలు ఎక్కువైతే విరేచనాలు పడతాయి, తగ్గించండి. పాసు పోస్తుందని నీళ్ళు మాత్రం మానిపించకండి. మా వైపు ఎండలు 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. నీళ్ళు లేకపోతే చిన్న ప్రాణి తట్టుకోలేదు.

ఆడుతూ ఆడుతూ ఆగి, నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరిగిందంటే మీరు చేతిలో గరిటె కింద పెట్టెయ్యాల్సిందే. అరవకుండా ఎత్తుకుని చోటుకు తీసుకెళ్ళండి. అక్కడ పని కాగానే, ఆ క్షణమే, "శెభాష్" అని చిన్న ముక్క ఏదైనా పెట్టండి. లోపలికొచ్చాక పెడితే వచ్చినందుకు పెట్టారనుకుంటుంది. ఇంటర్లో జువాలజీ చదివినవాళ్ళకు పావ్‌లోవ్ గుర్తుండే ఉంటాడు. 1904లో నోబెల్ బహుమతి వచ్చిన రష్యా శాస్త్రవేత్త. తిండికి ముందు రోజూ ఒకే శబ్దం వినిపిస్తే కొన్నాళ్ళకు ఆ శబ్దానికే కుక్కకు నోరూరుతుందని చూపించాడు. మనం చేసేదీ అదే.

ఆ శబ్దం ఇంటిల్లిపాదికీ ఒకటే ఉండాలి. మావారు "బయటికి" అనేవారు, చిన్నోడు "అవుట్" అనేవాడు, అత్తమ్మ "ఛీ" అనేవారు. పాపం, చిట్టి ముగ్గురి మొహాలూ చూసేది. చివరికి అందరం "దొడ్లోకి" అన్న మాట ఖాయం చేసుకున్నాం.

కాగితం ప్రయాణం

నేరుగా పెరట్లోనే నేర్పొచ్చు కదా అంటారా? మాకు కుదరలేదు. టీకాలు పూర్తికాని పిల్లను వీధి మట్టిలో తిప్పకూడదు. రక్తవిరేచనాలు తెచ్చే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికుంటుంది. ఇక రాత్రిళ్ళు మా కంచె వెనక పొదల్లో కట్లపాములు తిరుగుతాయి. పగలు కోతులు. అందుకని మొదట వెనక వరండా మూల నాలుగు పాత దినపత్రికలు పరిచాను. మార్చేటప్పుడు కొంచెం తడిసిన ముక్క ఒకటి కొత్త పేపరు కింద ఉంచేదాన్ని. ఆ వాసనే దానికి బోర్డు!

రెండు వారాలు కుదురుకున్నాక ఆ కాగితాలను రోజుకు జానెడు చొప్పున తలుపు వైపు జరిపాను. తర్వాత గడప అవతలికి. తర్వాత పెరట్లో జామచెట్టు కిందకి. ఆ పైన కాగితం సైజు తగ్గిస్తూ వచ్చి మట్టే మిగిల్చాను. ఒక్కసారిగా తీసుకెళ్ళి పెరట్లో పెడితే ఈ ప్రయాణం మళ్ళీ మొదటికొస్తుంది. రెండోది మాత్రం వెంటనే ఎత్తి గుంటలో పూడ్చండి. అందులో నులిపురుగుల గుడ్లు ఉండొచ్చు కాబట్టి కూరగాయల పాదుల్లో వెయ్యొద్దు. పిల్లల చేతులు సబ్బుతో కడిగించండి.

ఫినాయిలు కన్నా వంటసోడా

లోపల పోసిన చోట వాసన మిగిలితే మర్నాడు మళ్ళీ అక్కడే పోస్తుంది. మన ముక్కుకు తెలియకపోయినా దాని ముక్కుకు తెలుస్తుంది. ఫినాయిలు ఘాటుతో మన ముక్కు మోసపోతుంది కానీ దానిది మోసపోదు. పైగా ఆ తడిలో నడిచి కాళ్ళు నాకుతుంది, అది మంచిది కాదు. ముందు పేపరుతో అద్ది, సబ్బునీళ్ళతో కడిగి, ఆరాక వంటసోడా చల్లి పావుగంటకు ఊడ్చెయ్యండి. సిమెంటు గచ్చయితే వెనిగర్, నీళ్ళు సమంగా కలిపి తుడవొచ్చని చెప్తారు, ఎప్పుడో ఒకసారైతే ఫర్వాలేదు. షాబాదు, తాండూరు బండలకూ పాలరాతికీ మాత్రం వెనిగర్ వద్దు, మెరుపు పోతుంది. బ్లీచింగు పొడితో వెనిగర్ అసలు కలపకండి, విషవాయువు వస్తుంది.

అన్నీ నేర్చిన కుక్క ఉన్నట్టుండి చుక్క చుక్కగా పదిసార్లు పోస్తున్నా, రక్తం కనిపించినా అది అల్లరి కాదు, జబ్బు. పశువుల డాక్టరుకు చూపించండి. పురుగుల మందూ, ఆరు ఎనిమిది వారాల నుంచి టీకాలూ, మూడో నెలలో రేబిస్ టీకా, ఆ తర్వాత ఏటేటా... ఇవి ఎగ్గొట్టకండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక కాపాడే వైద్యం లేదు, మనిషికైనా కుక్కకైనా.

కాగితం అలవాటు పూర్తిగా మానిపించకండి అని కూడా చెప్తాను. వానకు ఈ బొచ్చుకుక్కలు తడి మట్టిలో కాలు పెట్టవు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు ఇస్తారు. లోతట్టు కాలనీల జనం పునరావాస కేంద్రాలకు వెళ్ళారు. అలాంటి రోజున కాగితం మీద పోసే కుక్కను చంకలో పెట్టుకుని ఎక్కడికైనా వెళ్ళొచ్చు. ఎక్కడపడితే అక్కడ పోసే కుక్కను ఎవరు రానిస్తారు?

నవమి వచ్చింది

ఫిబ్రవరిలో రోజుకు అయిదారుసార్లు తుడిచాను. మార్చి మొదటికి రెండుసార్లయింది. ఉగాది వారంలో రెండే రెండు రోజులు తడి కనిపించింది. చిన్నోడు క్యాలెండరు మీద తడిలేని రోజుకు ఎర్రచుక్క పెట్టేవాడు. ఆ చుక్కలు మా అత్తమ్మ కూడా లెక్కపెట్టడం చూశాను.

నవమినాడు ఇంట్లో పద్నాలుగు మంది. కల్యాణం చూసొచ్చి అందరూ భోజనాలకు కూర్చున్నారు. వెనక తలుపుకు అడ్డంగా బ్యాగులు. చిట్టి అక్కడ నిలబడి సన్నగా కుయ్‌మంటోంది. ఆ గోలలో ఎవరూ వినలేదు. నా చేతిలో పులిహోర గిన్నె. అంతలో మా అత్తమ్మ విస్తరి ముందు నుంచి లేచి, "ఆ సంచులు తియ్యండే, దానికి అర్జెంటు!" అని తనే గడియ తీశారు. "దొడ్లోకి పో తల్లీ" అని కూడా అన్నారు. నేను ఆ రోజు తిన్న వడపప్పు రుచి ఇప్పటికీ నోట్లో ఉంది.

మీ ఇంట్లోనూ ఇవాళ పొద్దున్నే తుడుచుకుని విసిగిపోయి ఉంటారు, నాకు తెలుసు. దాన్ని ఎవరికన్నా ఇచ్చేద్దామన్న మాట ఇంట్లో వచ్చే ముందు ఒక్క నాలుగు వారాలు నేను చెప్పిన వేళలు పాటించి చూడండి. గోడ మీద క్యాలెండరు ఉండనే ఉంది, ఎర్రపెన్ను ఒకటి పక్కన పెట్టుకోండి.