కుంకుమ నల్లగా పడిన ఫొటో

చాలా తెలుగు ఇళ్ళలో హాలు గోడకో, దేవుడి గది గుమ్మం పైనో ఒక పాత పెళ్ళి ఫొటో వేలాడుతూ ఉంటుంది. తాతమ్మ పీటల మీద బిగుసుకుపోయి కూర్చుని ఉంటుంది. పక్కనే ముత్తాత, ఊపిరి బిగబట్టినట్టు. ముక్కాలి స్టాండు మీద పెట్టె కెమెరా పెట్టి, నల్లగుడ్డలో తల దూర్చిన ఫొటోగ్రాఫరు ఇద్దరినీ కదలొద్దని హెచ్చరించే ఉంటాడు. ఆ ఫొటోను కిందికి దించి, అద్దం మీది దుమ్ము తుడిచి దగ్గరగా చూస్తే ఒక వింత కనిపిస్తుంది. తాతమ్మ నుదుట బొట్టు కాటుక చుక్కలా నల్లగా ఉంటుంది. మధుపర్కం అంచూ నలుపే. పసుపు రాసుకున్న పాదాలు మట్టిలో నడిచొచ్చినట్టు ఉంటాయి.

బొట్టు ఎర్రటి కుంకుమతో పెట్టిందే. అంచు ఎర్రటి అంచే. ఎరుపు కనిపించనిది ఆ ఫిల్ముకి.

ఫొటో పుట్టుకకు మూలమైన వెండి లవణాలు సహజంగా నీలి వెలుగుకే చలిస్తాయి. ఎరుపు తగిలినా వాటికి చీకటితో సమానం. 1873లో హెర్మన్ ఫోగెల్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త, ఆ లవణాలకు కొన్ని అద్దకపు రంగులు కలిపితే ఆకుపచ్చ, పసుపు వెలుగులకూ స్పందిస్తాయని కనిపెట్టాడు. అలా వచ్చినదే ఆర్థోక్రొమాటిక్ ఫిల్ము. అన్ని రంగుల వెలుగునూ పట్టుకునే పాన్‌క్రొమాటిక్ ఫిల్ము సినిమా స్టూడియోలలో స్థిరపడేసరికి 1920ల చివరి రోజులు వచ్చాయి. అందుకే మూకీల కాలంలో పెదవులకు ఎర్రరంగు పూస్తే తెర మీద మసి పూసినట్టు కనిపించేది.

నలుపు తెలుపు ఫొటో అంటే లోకంలోంచి రంగులు తీసేయగా మిగిలింది అని చాలామంది అనుకుంటారు. తాతమ్మ బొట్టు ఆ మాట తప్పని చెబుతోంది. ప్రతి రంగూ ఏదో ఒక బూడిద ఛాయగా మారక తప్పదు. ఆ ఛాయ ఏదన్నది ఫిల్మో, ఫిల్టరో, ఫొటోగ్రాఫరో ఎవరో ఒకరు తేల్చాలి. పాన్‌క్రొమాటిక్ ఫిల్ము మీద ఎర్ర చీర, ఆకుపచ్చ రవిక ఒకే ఛాయలో కలిసిపోవచ్చు. కంటికి నిప్పూ నీరూలా తోచిన రెండు రంగులు కాగితం మీద కవలలైపోతాయి. లెన్సు ముందు ఎర్ర ఫిల్టరు పెడితే చీర తెల్లబడుతుంది, రవిక నల్లబడుతుంది, నీలాకాశం ఉరుము రాబోతున్నట్టు ముదురుతుంది. ఆకుపచ్చ ఫిల్టరు పెడితే చీరా రవికా తారుమారు. ఏ ముక్కకు ఎంత వెలుగు దక్కాలో ఎంచుకునే ఆ పని దగ్గరే ఇందులో కళ మొదలవుతుంది. ఈ ఫొటోల ఆకర్షణ పాతదనంలో ఉందనడం వాటికి అన్యాయం చేయడమే.

హైదరాబాదు రాజ్యానికి ఈ కళను దగ్గర చేసిన లాలా దీన్ దయాళ్ ఫొటోలు చూసినా ఇది తెలుస్తుంది. 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరిన మనిషి ఆయన. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరై రాజా బిరుదు పొందారు, సికింద్రాబాదులో స్టూడియో పెట్టారు. పరదా చాటున ఉండే స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో జెనానా స్టూడియో తెరిచారు. అక్కడ ఫొటోలు తీసే బాధ్యతా ఆడవాళ్ళదే. ఆయన తీసిన కట్టడాల ఫొటోల్లో ఆకాశం చాలాచోట్ల ఒట్టి ఖాళీ. మబ్బు తునక కూడా ఉండదు. నీలానికే స్పందించే ఆనాటి గాజు పలక మీద ఆకాశమంతా తెల్లగా పడిపోయేది. దీన్ దయాళ్ ఆ లోపంతో పోట్లాడలేదు. ఖాళీ ఆకాశాన్ని కాగితంలా వాడుకుని దాని మీద మినార్లను, కమాన్లను పెన్సిలుతో గీసినంత పదునుగా నిలబెట్టారు. డ్రాఫ్ట్స్‌మన్ చెయ్యి ఎక్కడికీ పోలేదు. కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద వేసిన ఆనాటి ప్రింట్లు అచ్చమైన నలుపు తెలుపు కూడా కావు, కాచిన కాఫీ డికాక్షను ఛాయలో ఉంటాయి. ఆయన స్టూడియో గాజు నెగటివ్‌లు 2,857 ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం దగ్గర ఉన్నాయి.

తెలుగువాళ్ళకు నలుపు తెలుపులోని అందాన్ని బడి లేకుండా నేర్పింది మాత్రం సినిమా. అందులోనూ మార్కస్ బార్ట్‌లీ కెమెరా. ఈ ఆంగ్లో ఇండియన్ ఛాయాగ్రాహకుడు విజయా నిర్మాణ సంస్థకు పాతాళభైరవి, మిస్సమ్మ, గుండమ్మ కథ తీసి పెట్టాడు. వాటన్నిటి మధ్య 1957 మార్చి 27న విడుదలైన మాయాబజార్ ఉంది. అందులో పడవ మీద సాగే పాట చూసినవాళ్ళెవరూ ఆ వెన్నెలను మరిచిపోలేరు. నీటి మీద తళుకు, ముఖాల అంచున పల్చటి మెరుపు, వెనక కరిగిపోయే చీకటి. కెమెరాతో అల్లిన వెన్నెల అది. అయినా చూసేవాడికి చల్లగాలి తగిలినట్టే ఉంటుంది.

దానికొక కారణం మన కంటిలోనే ఉంది. రంగులు గుర్తుపట్టే కణాలకు వెలుగు బాగా కావాలి. వెన్నెల వాటికి చాలదు. అప్పుడు కంటిలో రెండో రకం కణాలు పని అందుకుంటాయి. వాటికి వెలుగూ నీడా తప్ప రంగు తెలియదు. పున్నమి రాత్రి పెరట్లో నిలబడి మందార చెట్టును చూడండి. పువ్వులు ఎర్రగా ఉన్నాయని మనసు చెబుతుంది గానీ కన్ను చెప్పదు. అంటే వెన్నెల దగ్గర నలుపు తెలుపు ఫిల్ము మనిషి కంటిని మోసం చేయడం లేదు, అది చూసిందే చూపిస్తోంది. 2010లో మాయాబజార్‌ను రంగుల్లోకి మార్చి విడుదల చేసినప్పుడు ఎంతోమంది ముచ్చటపడి చూశారు. నగలకు బంగారు రంగు, పట్టుబట్టలకు పట్టు రంగు బాగానే కుదిరాయి. వెన్నెలకు మాత్రం ఏ రంగు వేసినా అది పైన వేసిన రంగే. బార్ట్‌లీ నెగటివ్‌లో అప్పటికే దాని రంగు దానికుంది.

ఇక డార్క్ రూమ్. ఊళ్ళలో ఫొటో స్టూడియో నడిపినవాళ్ళు ‘ఫిల్ము కడగడం’ అనేవారు. కడిగి ఆరబెట్టిన నెగటివ్‌ను ఎన్‌లార్జరులో పెట్టి, కాగితం మీద కొన్ని సెకన్లు వెలుగు పడనిచ్చేవారు. గదిలో ఎర్రబల్బు ఒక్కటే వెలిగేది. తాతమ్మ బొట్టును నల్లగా మార్చిన ఆ గుణమే ఇక్కడ వరమైంది. ప్రింటు కాగితానికి ఎరుపు కనిపించదు కనుకే మనిషికి ఆ గదిలో చెయ్యాడించే వీలు దొరికింది. వరసగా మూడు ట్రేలు. మొదటిదాంట్లో డెవలపరు. తెల్ల కాగితాన్ని అందులో ముంచి ట్రేను మెల్లగా ఊపుతుంటే ముందు జుట్టు, కళ్ళు, చొక్కా గుండీల నీడలు తేలతాయి. తర్వాత బుగ్గ. అన్నిటికన్నా ఆలస్యంగా తెల్ల చొక్కాలోని మడతలు. ముఖం పూర్తిగా వచ్చిందనిపించగానే రెండో ట్రేలోకి మార్చాలి. దాన్నించి వెనిగర్ లాంటి ఘాటు వాసన ముక్కుకి కొడుతుంది. మూడోది హైపో. అందులో పడ్డాక బొమ్మ నిలబడిపోతుంది, దీపం వేసుకోవచ్చు. ఇంత చూసినవాడు, ఫొటో అంటే బటన్ నొక్కడం అని జన్మలో అనడు.

అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్ అనే ఫొటోగ్రాఫరు ఇలాంటి గదిలోనే తన జీవితంలో చాలా భాగం గడిపాడు. మొదట పియానో విద్వాంసుడు కావాలనుకున్నవాడు. నెగటివ్ స్వరలిపి లాంటిది, ప్రింటు కచేరీ లాంటిది అని ఆయన పోలిక. కటిక నలుపు నుంచి కాగితపు తెలుపు దాకా ఉన్న దారిని పదకొండు మెట్లుగా విడగొట్టి, దృశ్యంలో ఏ ముక్క ఏ మెట్టు మీద కూర్చోవాలో షట్టరు నొక్కకముందే తేల్చుకునేవాడు. దీనికి ‘జోన్ సిస్టమ్’ అని పేరు.

ఆయన ఫొటోల్లో బాగా పేరుపడినది న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ అనే చిన్న పల్లె మీద చంద్రోదయం. 1941 శరత్కాలంలో ఒక సాయంత్రం కారులో తిరిగి వస్తూ పక్కకు చూశాడు. మంచుకొండల పైన చంద్రుడు. కింద చర్చి పక్క శ్మశానంలో తెల్ల శిలువల మీద వాలుతున్న పొద్దు ఆఖరి కిరణాలు. కారు రోడ్డు పక్కకు లాగి, పెద్ద కెమెరా స్టాండుకెక్కించేసరికి వెలుగు కొలిచే మీటరు కనబడలేదు. వెతకడానికి సమయం లేదు. చంద్రుడి కాంతి ఎంతో అంకె గుర్తుండబట్టి, దాన్ని ఆధారం చేసుకుని మనసులోనే లెక్క కట్టి ఒక్క ఎక్స్‌పోజరు ఇచ్చాడు. ఎందుకైనా మంచిదని రెండోది తీయబోయేలోపు శిలువల మీద ఎండ పోయింది. మిగిలింది ఆ ఒక్క నెగటివే.

అంతటితో ఫొటో పూర్తయిపోలేదు. తర్వాతి దశాబ్దాల్లో ఆ నెగటివ్ నుంచి ఆయన వెయ్యికి పైగా ప్రింట్లు వేశాడు. తొలినాటి వాటిలో ఆకాశం బూడిద రంగులో, మబ్బుల చారలతో ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆకాశం ముదిరి ముదిరి చివరికి దాదాపు నల్లటి గోడ అయ్యింది, దానికి చంద్రుడు మేకు కొట్టినట్టు నిలిచాడు. చీకటి గదిలో చేతులు అడ్డుపెట్టి కొన్నిచోట్ల వెలుగు తగ్గిస్తూ, కొన్నిచోట్ల ఎక్కువసేపు పడనిస్తూ ప్రతిసారీ అదే పాటను కొత్తగా పాడాడు. ఆ ఫొటో తీసిన తేదీ ఆయనకే గుర్తులేదు. చంద్రుడున్న చోటును బట్టి ఖగోళ పరిశీలకులు లెక్కగట్టి 1941 నవంబరు 1 అని తేల్చారు.

రంగుల ఫొటోను కళగా ఒప్పుకోవడానికి పెద్దలు చాలాకాలం మొరాయించారన్నదీ నిజమే. రంగు మోటు వ్యవహారమని అమెరికన్ ఫొటోగ్రాఫరు వాకర్ ఎవాన్స్ కొట్టిపారేశాడు. ఆయనే చివరి ఏళ్ళలో పోలరాయిడ్ పట్టుకుని మురిపెంగా రంగుల బొమ్మలు తీశాడు. మన దేశంలో ఫొటోగ్రాఫరు రఘుబీర్ సింగ్ వాదన దీనికి సరిగ్గా ఎదురు. భారతీయుడి కన్ను రంగుల్లోనే ఆలోచిస్తుందని, నలుపు తెలుపులోని దిగులు పడమటి దేశాల సొత్తని ఆయన నమ్మకం. ఆయన ఫొటోలు ఆ నమ్మకానికి తగినంత గొప్పవి. కొండపల్లి బొమ్మలు, తోలుబొమ్మలు తలుచుకుంటే ఆ మాట కాదనబుద్ధి కాదు. కానీ మరో పక్క తెలవారకముందే కళ్ళాపి చల్లిన నేల మీద తెల్లటి పిండితో ముగ్గు వేసే చెయ్యి ఉంది. నల్ల సిరాతో ఒక్క వంపు తిప్పి మనిషిని నిలబెట్టిన బాపు గీత ఉంది. వాటిలో దిగులు ఎక్కడుంది?

రంగు, నలుపు తెలుపు అనే ఈ రెండు దారులూ ఒకేచోట కలిసిన ఒక సందర్భం ఉంది. చెప్పడానికి గుండె దిటవు చేసుకోవాలి. 1984 డిసెంబరులో, భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత, ఒక పసిబిడ్డను పూడ్చిపెడుతున్నారు. ఫొటోగ్రాఫర్లు రఘు రాయ్, పాబ్లో బార్తలోమ్యూ ఇద్దరూ ఆ బిడ్డ ముఖాన్ని ఫొటో తీశారు. పాబ్లోది రంగుల ఫొటో. ఆ ఏటి వరల్డ్ ప్రెస్ ఫొటో పురస్కారం దానికే దక్కింది. రఘు రాయ్‌ది నలుపు తెలుపు. ఆ బిడ్డ ఎవరో ఈనాటికీ తెలియదు.

రంగుల ఫొటో చూసినవాడికి ఇది ఇప్పుడే, ఇక్కడే జరిగిందన్న దెబ్బ తగులుతుంది. రఘు రాయ్ ఫొటోలో మట్టి, రాళ్ళు, చిన్న ముఖం, ఆ నుదుటిని తాకుతున్న పెద్దవాళ్ళ చెయ్యి అన్నీ ఒకే బూడిద వంశంలోకి చేరిపోయాయి. మట్టి ఎక్కడ ఆగిందో, చర్మం ఎక్కడ మొదలైందో కన్ను వెతుక్కోవాల్సి వస్తుంది. తెరిచి ఉన్న ఆ కళ్ళు మాత్రం మట్టిలో కలవకుండా మిగిలాయి. చూపు ఎటు తిప్పినా మళ్ళీ అక్కడికే వస్తుంది. ఒకటి గొప్పది, మరొకటి తక్కువది అనే పోటీ ఆ గోతి దగ్గర పెట్టడం తప్పు. నలుపు తెలుపు ఏం చేయగలదో తెలుసుకోవడానికి మాత్రం ఆ రెండు ఫొటోలనూ పక్కపక్కన పెట్టి చూడక తప్పదు.

మన్నిక సంగతీ ఉంది. 1970, 80ల నాటి కలర్ పెళ్ళి ఆల్బమ్‌లు ఇప్పుడు తెరిస్తే నీలి ఛాయలు వెలిసిపోయి, అందరి ముఖాలూ ఎర్రబారి ఉంటాయి. ఆ ప్రింట్లలో ఉన్నవి అద్దకపు రంగులు, అవి చీరల్లాగే వెలుస్తాయి. అంతకు ముప్పై ఏళ్ళ ముందువైనా, సరిగ్గా కడిగిన నలుపు తెలుపు ప్రింట్లలో ఉన్నది లోహపు వెండి. అందుకే తల్లిదండ్రుల పెళ్ళికన్నా అమ్మమ్మ పెళ్ళే స్పష్టంగా మిగిలింది.

డిజిటల్ కాలంలోనూ ఈ దారి మూతపడలేదు. మామూలు డిజిటల్ కెమెరా సెన్సరు మీద ప్రతి చుక్కకూ ఎరుపో, ఆకుపచ్చో, నీలమో ఒక చిన్న ఫిల్టరు ఉంటుంది. మిగతా రెండు రంగులనూ కెమెరా పక్క చుక్కలను చూసి ఊహించుకుంటుంది. 2012లో లైకా కంపెనీ ఆ ఫిల్టర్లన్నీ తీసేసి, నలుపు తెలుపు తప్ప ఇంకేమీ తీయలేని కెమెరా తెచ్చింది. ఊహించే పని లేదు కాబట్టి గీత పదునెక్కింది, తక్కువ వెలుగులో చూపు పెరిగింది. 2023లో పెంటాక్స్ కూడా అలాంటిదే తీసుకొచ్చింది. మామూలు కెమెరాలో ఒక్క మీట నొక్కితే రంగులు పోతాయని తెలిసీ జనం వాటిని కొంటున్నారు.

ఇప్పుడు ఫోన్లోనే పాత ఫొటోలకు రంగులు అద్దే యాప్‌లు వచ్చాయి. మనవడు తాతమ్మ పెళ్ళి ఫొటోను అందులో పెట్టి, రంగులు రాగానే ఎనభై దాటిన అమ్మమ్మకు చూపిస్తాడు. పందిట్లో ఆకులు పచ్చబడ్డాయి, చేతులకు ఒంటి రంగు వచ్చింది. బొట్టు నల్లగానే ఉంది, మధుపర్కం అంచూ నల్లగానే ఉంది. యాప్‌కి కనిపించింది నలుపే మరి. అమ్మమ్మ కళ్ళజోడు సవరించుకుని ఫోను కాసేపు చూసి, దాన్ని వాడి చేతిలో పెట్టేసి గోడ మీది ఫొటో దించమంటుంది. “మా అమ్మకి ఇంత కుంకుమ బొట్టు ఉండేదిరా” అని చూపుడువేలి చివర బొటనవేలితో కొలిచి చూపిస్తుంది. ఆ వేలినే అద్దం మీద నల్లటి చుక్క పైన ఆనించి ఉంచుతుంది.