ఒకే బొమ్మ, రెండు తీర్లు: మన పాటల్ల అసలుదేది?

మేళ్లచెరువు చుట్టుపక్కల తండాల నుంచి చదువుకుంటున్న మేం కొంతమందిమి కలిసి రాస్తున్న పోస్టు ఇది. కొంచెం పొడుగే, ఓపికతో చదవండి.

ఫిబ్రవరి 15 సేవాలాల్ మహరాజ్ జయంతి దగ్గరపడితే చాలు, మాలో మాకు ఒకటే వాదన. "మీ తండాల పాడేది తప్పు, మాదే అసలు" అని. ఈ వాదనలో మాకు ఇటలీ బొమ్మ ఒకటి యాదికొచ్చింది.

1483లో మిలాన్ నగరంలో ఒక క్రైస్తవ భక్త సంఘం తమ ప్రార్థనాలయానికి మరియమ్మ బొమ్మ కావాలని లియొనార్డో డావిన్చీతోని, ఇంకో ఇద్దరు అన్నదమ్ములతోని ఒప్పందం రాసుకుంది. కూలి 800 లీరాలు. రాతిగుహలో మరియమ్మ, బాల యేసు, బాల యోహాను, ఒక దేవదూత ఉండే ఆ బొమ్మ ఇయ్యాల ఒకటి కాదు, రెండున్నయి. ఒకటి పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో, ఇంకోటి లండన్ నేషనల్ గ్యాలరీలో. రెండూ ఆరడుగులు దాటిన ఎత్తే.

రెండెందుకు అయినయి? పైసల పంచాయితీ. పనికి తగ్గట్టు ఇంకో 100 డ్యూకట్లు ఇయ్యాలని చిత్రకారులు అడిగిన్రు. సంఘం 25 ఇస్తమన్నది. మొదటి బొమ్మను వేరేవాళ్లకు అమ్మి, సంఘానికి రెండోది వేసి ఉంటరని చాలామంది చరిత్రకారుల మాట. తగాదా ఏండ్లకేండ్లు నడిచింది. 1506లో మధ్యవర్తులు తీర్పు చెప్తే, 1508కి గానీ లెక్క తెగలేదు. కాంట్రాక్టు పనికి పోయి బిల్లు కోసం తిరిగే మనోళ్లకు ఈ కథ కొత్తగ అనిపించదు.

బొమ్మల్ల తేడాలు కూడా ఉన్నయి. పారిస్ దాంట్ల దేవదూత మన దిక్కు చూస్తూ వేలితో యోహానును చూపిస్తది. లండన్ దాంట్ల ఆ వేలు లేదు. తలల మీద సన్నటి బంగారు వలయాలున్నయి, అవి తర్వాత ఎవరో చేర్చినవంటరు. అయినా ఒకటి అసలు, ఒకటి నకలు అని దేన్నీ పారేయలేదు. 2011లో లండన్‌లో రెండింటినీ ఒకే గదిలో పెట్టి చూపించిన్రు. తేడా ఎందుకొచ్చిందని అడిగినందుకే ఆ కూలి పంచాయితీ అంతా మనకు తెలిసింది.

మన పాటల సంగతి కూడా ఇట్లనే చూడాలని మా మాట. మేం బడిల గోర్ బోలీ చదువుకోలేదు. తీజ్ పాటలైనా, సేవాలాల్ కథైనా మా యాడీల నోటి నుంచే విన్నం. నోటి మీద నడిచే పాట తండా తండాకు మారుతది. ఎవరు ఏ దిక్కు నుంచి వలస వచ్చిన్రో, ఏ కరువు చూసిన్రో ఆ మార్పులనే దొరకొచ్చు. ఒక్కటే అచ్చేసి "ఇదే అసలు" అంటే మిగిలినవి మాట్లాడకుండ పోతయి.

భయం ఊరికే కాదు. పడిగె గుడ్డ మీది బొమ్మలు, డోలి మోతతో కోయ అన్నలు తమ పెద్దల కథలు చెప్తరు. ఆ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూసిన్రు. అసుంటి ఒక్క మనిషి పోతే ఎన్ని పాటలు పోతయో లెక్క ఉండదు. బొమ్మ అయితే గోడకు ఉంటది. పాట మనిషితోనే పోతది.

అందుకే ఒక పని చేద్దాం. శివరాత్రి జాతరకు మనమందరం ఊళ్లకు వస్తం కదా. అప్పుడు ఎవరి తండాల వాళ్లు ఒక్క ముసలమ్మ దగ్గరనన్న కూర్చొని, ఆమె ఒప్పుకుంటే ఫోన్‌ల పాట రికార్డు చేయండి. పాడినామె పేరు, తండా, ఏడాది రాసి పెట్టుకోండి. ఒకే పాట రెండు తీర్లుగ దొరికితే రెండూ దాయండి. దేన్నీ దిద్దకండి. ఎందుకు మారిందో ఆమెనే అడగండి.