శ్రీకూర్మ యాత్ర - మా యింటి తాబేళ్లు

శ్రీకాకుళమునకు సుమారు 13 కిలోమీటర్ల దూరమున, సముద్రమునకు చేరువలో, శ్రీకూర్మమను గ్రామము కలదు. విష్ణుమూర్తి కూర్మరూపమున మూలవిరాట్టుగ వెలసి పూజలందుకొను ఆలయములు మన దేశమున మిక్కిలి అరుదు. అందు మిగుల ప్రసిద్ధమైనది యిదియే. స్వామి పడమటిదిక్కునకు అభిముఖుడై యుండుటయు, తూర్పున నొకటి, పడమట నొకటి రెండు ధ్వజస్తంభము లుండుటయు ఇచ్చటి విశేషములు. ఆలయపు చెంతనే శ్వేతపుష్కరిణి. కాశీగయలందువలె ఇచ్చటను పితృకర్మలు జరుపుదురు. స్తంభములపై శాసనములు పెక్కులున్నవి. మధ్వమతాచార్యుడగు నరహరితీర్థులవారు 1281వ సంవత్సరమున వేయించిన శాసనము వానిలో నొకటి. ప్రదక్షిణము చేయునప్పుడు గోడలపైని పాతకాలపు వర్ణచిత్రములు కొన్ని వెలిసి, కొన్ని నిలిచి కనబడును.

ఇంత చెప్పితిని గాని, మేము ఆ దినమున పోయినది శాసనములు చదువుటకు గాదు. సత్యము చెప్పవలెనన్న కేవలము దర్శనమునకును గాదు. మా యింటి రెండు తాబేళ్లను ఆ స్వామికి అప్పగింపవచ్చునా యని చూచివచ్చుటకు పోయితిమి.

సోదరీమణులు నవ్వవలదు. హైదరాబాదులో మా అమ్మాయి అయిదేండ్ల క్రిందట చేపల దుకాణమునుండి రెండు తాబేటి పిల్లలను తెచ్చుకొనెను. అప్పుడవి రూపాయి బిళ్లకంటె కొంచెము పెద్దవి. అందుచే ఒకదానికి ‘నాణెము’ అనియు, రెండవదానికి ‘గవ్వ’ యనియు పేరు పెట్టెను. ఇప్పుడు గవ్వ నా అరచేతిని మించి పెరిగినది. చెవులదగ్గర ఎఱ్ఱని చార లుండుటచే వీనిని ఎఱ్ఱచెవుల తాబేళ్లందురు. ఇవి మన దేశమువి గావు; అమెరికాలోని మిసిసిపీ నదీప్రాంతమువి. ఇరువది ముప్పది యేండ్లు బ్రతుకుననియు, ఆడుది జేనెడుకంటె పెరుగుననియు దుకాణదారు మాకు చెప్పలేదు. మేమును అడుగలేదు. చిన్న గిన్నెలో పట్టినవి నేడు నాలుగడుగుల గాజుతొట్టి నాక్రమించినవి.

ఇట్లుండగా మావారికి పదినెలల పనిమీద శ్రీకాకుళమునకు ఉత్తరువు వచ్చినది. జూనునుండి మార్చివరకు. పదినెలలు కుటుంబమును విడిచి యుండనేల యని అందరమును పోవుటకు నిశ్చయించితిమి. సామానులకు లారీ కుదిరినది. అమ్మాయికి బడి కుదిరినది. తాబేళ్లమాట మాత్రము ఎవ్వరికిని తోచలేదు. వెంట తీసికొనిపోవుదుమా? వేసవి యెండలో ఒక రాత్రియు, ఒక పగలును ప్రయాణము. అంత తొట్టి, దీపము, నీరు వడకట్టు యంత్రము మోసికొనిపోయి, పదినెలలకు మరల మోసికొని రావలెను. చూచిన అద్దెయింటిలో పగటిపూట నాలుగైదు గంటలు కరెంటు పోవుచుండెను. వీని రోగములు తెలిసిన పశువైద్యుడు ఆ చుట్టుప్రక్కల మాకు దొరకలేదు.

అప్పుడు చుట్టుప్రక్కలవారు తలకొక సలహా చెప్పిరి. పెక్కురి మాట ఒక్కటే: “చెఱువులో విడిచిపెట్టుడు, హాయిగ బ్రతుకును.” నేనును ఒక రాత్రి అట్లే యనుకొంటిని, దాచనేల? అమ్మాయి బడికి పోయినప్పుడు విడిచివచ్చి, పారిపోయినవని చెప్పవచ్చుననికూడ ఆలోచించితిని. కాని చెఱువులో విడిచిన ఈ పరదేశపు తాబేళ్లు మన తాబేళ్ల మేతను, అవి యెండ కాగు తావులను ఆక్రమించి, తమ రోగముల నంటించునట. లోకమునకు మిక్కిలి హాని చేయు నూరు పరదేశ జీవుల పట్టికలో వీనిపేరును చేరినది. ఐరోపా సమాఖ్య 1997లోనే వీని దిగుమతిని నిషేధించెను. మావా రీ సంగతులు చదివి వినిపించినప్పుడు నేను మాటాడక వంటయింటిలోనికి పోయితిని.

మా అత్తగారిది శ్రీకాకుళపు వైపే. “చెఱువు వలదన్న, కూర్మనాథుని సన్నిధి కలదు గదా. అచ్చట తాబేళ్లను పోషించుచున్నారు. స్వామియొద్ద విడిచిన పుణ్యమే గాని పాపమెట్లగును?” అనిరి. ఈ మాట నాకును నచ్చినది. అమ్మాయి మాత్రము, “నేను ముందుగ ఆ చోటు చూడవలెను” అనెను. అందుచే మే నెలలో ఇల్లు చూచుటకు పోయినప్పుడు, తాబేళ్లను నాలుగుదినములు క్రిందియింటి పంతులమ్మగారికి అప్పగించి, శ్రీకూర్మమునకు బయలుదేరితిమి.

శ్రీకాకుళము దాటినపిదప త్రోవ పొడుగునను వరిమళ్లు. అప్పటికి కోతలై మోళ్లు మిగిలియున్నవి. తాటిచెట్ల వరుసలు, ముంజెలు అమ్ము స్త్రీలు. సముద్రము కనబడదు గాని గాలిలో ఉప్పదనము తెలియును. దర్శనమైనపిదప ప్రాంగణములోని తాబేళ్లయొద్దకు పోయితిమి. కంచె వేసిన స్థలమున అవి మెల్లగ తిరుగుచుండెను. నల్లని చిప్పపై పసుపుపచ్చని గీతలు నక్షత్రములవలె విచ్చుకొనియున్నవి. అందుచేతనే వీనికి నక్షత్రతాబేళ్లని పేరు. అమ్మాయి కంచెకు ముఖమానించి చాలసేపు చూచి, “అమ్మా, నీళ్లేవి?” అని యడిగెను.

ఆ ప్రశ్న నాకు తోచనేలేదు. ఆకుకూర తరుగుచున్న ముసలివాడొకడు విని నవ్వి, “ఇవి నీళ్లలో బతికేవి కావు తల్లీ, నేలమీద తిరిగేవి. లోతు నీళ్లలో వేస్తే మునిగిపోతాయి” అనెను. మా అత్తగారు మా సంగతి చెప్పిరి. అతడు కత్తిపీట ప్రక్కకు జరిపి, కొంచెము కఠినముగనే, “పుష్కరిణిలో వదలకండమ్మా. వీటిలోనూ కలపకండి. మీవాటికి ఏ రోగముందో మాకు తెలీదు, మావాటికి ఏముందో మీకు తెలీదు. పెంచుకున్నవారే చూసుకోవాలి” అనెను.

అత్తగారు మరల మాటాడలేదు. తిరిగివచ్చునప్పుడు కారులో, “తాబేళ్లన్నియు ఒక్కటే యనుకొంటిని” అని మాత్రమనిరి. ఈ నక్షత్రతాబేళ్లను ఇండ్లలో పెంచుట 1972వ సంవత్సరపు వన్యప్రాణి చట్టము ననుసరించి నేరము. దొంగతనముగ వీనిని విదేశములకు పంపువారు పెచ్చుపెరిగినందున 2019లో అంతర్జాతీయ వ్యాపారమునుకూడ నిషేధించిరి. ముద్దుగ నున్నవని ఎవరైన ఇంటికి తెచ్చిన అమ్మవచ్చిన కొనకుడు.

హైదరాబాదునకు వచ్చి వెదకులాట మొదలుపెట్టితిమి. కుక్కలను పిల్లులను దినమునకింతయని పుచ్చుకొని ఉంచుకొనువారు తాబేళ్లనగానే తలయూచిరి. చేపల దుకాణదారు, “ఇచ్చిపొండు, వచ్చినప్పుడు ఇవియో, ఇట్టివియో ఇచ్చెదను” అనెను. ‘ఇట్టివియో’ యన్న మాటకు మా అమ్మాయి దుకాణములోనే ఏడ్చినది. నా స్నేహితురాలొకతె మనఃపూర్తిగ ఒప్పుకొనెను గాని ఆమె యింట ప్రాకులాడు బిడ్డ కలదు. తాబేళ్లపై సాల్మొనెల్లా యను సూక్ష్మక్రిమి యుండవచ్చును; అది తాబేలునకు బాధ కలిగింపదు గాని పసిబిడ్డలకు విరేచనములు, జ్వరము తెచ్చును. అమెరికాలో 1975నుండి నాలుగంగుళములకు లోబడిన తాబేళ్ల అమ్మకమును నిషేధించినది ఇందుచేతనే. స్నేహము నిలుపుకొనదలచి ఆమెను వలదంటిని.

చివరకు క్రిందియింటి పంతులమ్మగారే మిగిలిరి. ఆమె కళాశాలలో వృక్షశాస్త్రము బోధించి ఉద్యోగవిరమణ చేసినవారు, ఒంటరిగ నున్నారు. నాలుగుదినములు చూచినందుకే “వాసన” యని ముఖము చిట్లించినవారు. నేను సంకోచించుచు అడుగగా ఆమె వెంటనే ఒప్పుకొనక, మొదట మూడు ప్రశ్నలడిగిరి: బకెట్లెవరు మోయవలెను? కరెంటు బిల్లెవరు కట్టవలెను? చచ్చిన నన్నందురా? ఈ మూడింటికిని సమాధానము కుదిరిన పిదపనే సరేయనిరి. మొగమాటమునకు ‘అట్లే’ యనువారికంటె ఇట్లడుగువారే నయమని నాకు తోచినది. వాచ్‌మన్ కుమారుడు ఇంటర్మీడియేటు చదువుచున్నాడు. ప్రతి ఆదివారము నీరు మార్చుటకు వానికి నెలకు వేయిరూపాయలు, కరెంటు బిల్లు మాది, ఆరోగ్యము చెడిన పశువైద్యుని ఖర్చును మాదే యని నిశ్చయించితిమి. చచ్చినయెడల అననని అమ్మాయియే మాట యిచ్చినది.

మేము పోవుటకు వారము ముందుగనే తొట్టిని క్రిందికి దింపితిమి. మేము మేడమీద ఉండగానే ఆమె అన్నియు చేసి చూడవలెనని మా యుద్దేశము. ఇది మేలైనది. మేము చెప్పనే మరచిన సంగతులు ఆ వారములోనే బయటపడినవి. తాబేలు మేత నీటిలోనే మ్రింగగలదు గాని గట్టుపై మ్రింగజాలదు. గట్టుపై పెట్టి “తినలేదు” అని ఆమె ఆందోళనపడిరి. అప్పుడు అమ్మాయి కాగితము తీసి తన చేతితో వ్రాసినది. పెరిగినవి గనుక దినము విడిచి దినము మేత. దుకాణపు గుళికలు అవి గుటుక్కున తినగలిగినన్నియే. తోటకూర, మునగాకు లేతవి. రొట్టె, అన్నము, పాలు పనికిరావు. నీటి వేడి 24నుండి 28 డిగ్రీలమధ్య. ఎండ కాగు గట్టుపైని దీపము ప్రొద్దుట వెలిగించి రాత్రికి ఆర్పవలెను. ఆ దీపమునుండి వచ్చు అతినీలలోహిత కిరణములు లేనిచో చిప్ప మెత్తబడును. దీపము వెలుగుచున్నను ఆ కిరణములు కొన్ని నెలలకు క్షీణించును గనుక క్రొత్తదానిని కొని, మార్చవలసిన తేదీ దానిపై వ్రాసియిచ్చితిమి. కన్నులు వాచినను, ముక్కువెంట బుడగలు వచ్చినను, ఒకప్రక్కకు ఒరిగి యీదినను వెంటనే ఫోను చేయవలెను. ముట్టుకొన్నపిదప సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. తొట్టి నీరు వంటయింటి తొట్టిలో పోయరాదు. చివర నొక వాక్యము నాకు చూపక వ్రాసినది: “గవ్వ పిరికిది, పైనుండి చేయి పెట్టకండి.”

ఆరునెలలు సుఖముగ గడచినవి. డిసెంబరు నెలలో ఒకరాత్రి పదిగంటలకు పంతులమ్మగారు ఫోను చేసిరి. గవ్వ నాలుగుదినములనుండి మేత ముట్టుట లేదు. ఒక మూలను కదలక యున్నది. ఆమె కంఠము వణకుచుండెను. “నా చేతిలో పోయిన ఆ పిల్లకేమని చెప్పుదును?” అనిరి. మావారు ధర్మామీటరు చూడుడనిరి. 18 డిగ్రీలు! నీరు తోడునప్పుడు హీటరు గాలికి తగిలిన పగులునని కుఱ్ఱవాడు దాని ప్లగ్గు తీసి, పిదప పెట్టుట మరచినాడు. అమ్మాయి ప్రక్కనే నిలిచి, “వేడినీళ్లు పోయవద్దని చెప్పుము, మెల్లగ వేడెక్కనిమ్ము” అని నా చేయి పట్టుకొని లాగుచుండెను. ఆ రాత్రి మాయింట ఎవ్వరును నిద్రింపలేదు. మూడవదినమున గవ్వ ఒక గుళిక మ్రింగుచున్న చిత్రము ఫోనులో వచ్చినది. అది చూచి అత్తగారు దీపమువద్ద నమస్కరించిరి. కుఱ్ఱవానిని ఎవ్వరమును తిట్టలేదు. ప్లగ్గుపై ఎఱ్ఱదారము కట్టించితిమి.

మార్చి నెలలో శ్రీకాకుళము విడుచుటకు ముందు అత్తగారు మరల శ్రీకూర్మమునకు పోవుదమనిరి. ఈమారు ఆమె చేతిలో ఆకుకూరల మూట. దర్శనమైనపిదప కంచెలోనికి విసరక, ఆ ముసలివాని వెదకి, “ఇవి పెట్టవచ్చునా, నాయనా?” అని యడిగిరి. అతడు మూట విప్పి, పాలకూర ప్రక్కకు తీసి, మిగిలినది పుచ్చుకొనెను.

హైదరాబాదు చేరినదినముననే అమ్మాయి పెట్టెలైన దింపనీయక క్రిందియింటికి పరుగెత్తినది. తాబేళ్లు రెండును గట్టుపై నుండెను. మమ్ము చూచి నీటిలోనికి దుమికినవి. పంతులమ్మగారు రాగానే మెడలు చాచి గాజువద్దకు వచ్చినవి. అమ్మాయి ముఖము కొంచెము చిన్నబోయినది గాని ఏమియు ననలేదు. తొట్టిని పైకి చేర్చుటకు ఇద్దరు మనుష్యులను పిలిపించితిని. పంతులమ్మగారు కాగితము మడతపెట్టి అమ్మాయి చేతికిచ్చి, “ఆదివారము నీళ్లు మార్చినపిదప తీసికొనిపొండు” అనిరి. అది గురువారము. మనుష్యులను పంపివేసి, ఆదివారమువరకు ఆగితిమి.