తాబేలు ఊపిరి లెక్క

సముద్ర తాబేలుకు మొప్పలు లేవు. బతుకంతా నీళ్లలోనే గడిచినా ప్రతి ఊపిరికీ పైకి రావాల్సిందే. ఎంతసేపటికొకసారి రావాలన్నది ప్రధానంగా ఒంటి బరువు మీద, నీటి వేడి మీద ఆధారపడుతుంది. బరువు సంగతి తెలుసుకోవడానికి విశాఖ తీరం మంచి చోటు. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తల్లులు రాత్రిపూట ఇక్కడ ఒడ్డుకెక్కి గుడ్లు పెడతాయి. కుక్కలు, నక్కలు తవ్వకముందే వాటిని తెచ్చి పొదిగించడానికి అటవీ శాఖ సాగర్‌నగర్, జోడుగుళ్లపాలెం వంటి చోట్ల హేచరీలు నడుపుతోంది. తల్లి బరువు సుమారు 40 కిలోలు. గుడ్డు చీల్చుకుని వచ్చే పిల్ల బరువు 17 గ్రాముల చిల్లర. రెండూ ఒకే జాతి, ఊపిరి తీసే పద్ధతీ ఒక్కటే. బరువులో మాత్రం తేడా రెండువేల రెట్లకు పైమాటే.

మేం వాటిలో ఒక హేచరీకి వెళ్లేసరికి ఇంకా తెల్లవారలేదు. హేచరీ అంటే పెద్ద కట్టడమేమీ కాదు. వల కట్టిన కంచె, దాని లోపల ఇసుక, ఇసుకలో వరుసగా గుంతలు, ఒక్కో గుంత దగ్గర తేదీ, గుడ్ల సంఖ్య రాసిన చీటీ. తల్లి తవ్వినట్టే అడుగున్నర లోతున, పైన మెడ సన్నగా, కింద కడుపు వెడల్పుగా కుండ ఆకారంలో గుంత తీస్తారు. ఒక్కో దాంట్లో ఒకే తల్లి గుడ్లు, నూరు చిల్లర, పెడతారు. చోటు మిగిలింది కదా అని రెండు గూళ్లు కలపరు, పక్కపక్కనే ఇరికించరు. ఇదంతా ఊపిరి కోసమే.

గుడ్డు కూడా ఊపిరి తీస్తుంది. తల్లి కడుపులో ఉన్నంతకాలం గుడ్డు చుట్టూ జిగురు ఉంటుంది, ఆక్సిజన్ అందదు. అందుకే పిండం ఒక దశకు రాగానే ఎదగడం ఆపేస్తుంది. ఇసుకలో పడి గాలి తగిలాక మళ్లీ మొదలవుతుంది. గుడ్డు పైభాగంలో తెల్లని మచ్చ కనిపించడం దానికి గుర్తు. అక్కడ పెంకు ఆరి, గాలి రాకపోకలకు దారి ఏర్పడుతుంది. రోజులు గడిచేకొద్దీ ఆ మచ్చ విస్తరిస్తుంది. పిండం అంటుకునేది కూడా పైవైపే కాబట్టి, పెట్టిన కొద్ది గంటల్లోపే, దొర్లించకుండా గుడ్లను తరలించాలి.

పొదిగే కాలం 45 నుంచి 60 రోజులు. మొదటి వారాల్లో గూటికి కావలసిన ఆక్సిజన్ చాలా తక్కువ. చివరి వారాల్లో నూరు పిల్లలూ ఒకేసారి పెరుగుతాయి. అప్పుడు గూడు మొత్తం సుమారు రెండు కిలోల ఒకే జంతువుగా ఊపిరి పీలుస్తున్నట్టు లెక్క. ఆ జంతువుకు ఊపిరితిత్తి ఇసుకే. రేణువుల మధ్య సందుల గుండా ఆక్సిజన్ లోపలికి వస్తుంది, బొగ్గుపులుసు వాయువు బయటికి పోతుంది. ఈ దశలో గూటి నడుమ ఆక్సిజన్ తగ్గుతుంది, వేడి చుట్టుపక్కల ఇసుక కంటే పెరుగుతుంది. గట్టి వాన కురిసి సందుల్లో నీళ్లు నిండితే, లేదా పైన జనం తొక్కి ఇసుక గట్టిపడితే పిల్లలు లోపలే ఊపిరాడక పోతాయి. కంచె కుక్కల కోసమే అనిపిస్తుంది గానీ, కాళ్ల తొక్కిడి నుంచి కాపాడేదీ అదే.

పిల్లలు గుడ్డు పగలగొట్టుకున్న వెంటనే పైకి రావు. గుంపుగా ఇసుకను తోసుకుంటూ మెల్లగా పైకి చేరి, ఇసుక చల్లబడ్డాక, ఎక్కువగా రాత్రివేళ, బయటపడతాయి. మేం చూస్తుండగా బుట్టలో తెచ్చిన పిల్లల్ని అలలకు కాస్త దూరంలో వదిలారు. నీళ్లు తాకగానే ముందుకాళ్లు తెడ్లలా ఆడించడం మొదలైంది. ఈ పరుగు ఒక రోజంతా, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ, సాగుతుంది. కడుపులో మిగిలిన పచ్చసొనే అప్పటికి దారిబత్తెం. నీటి అడుగున ముందుకాళ్లతో ఈదే పిల్ల, ఊపిరికి తల ఎత్తినప్పుడు నాలుగు కాళ్లతోనూ తొక్కుతుంది. పరుగు వేళ కొన్ని సెకన్లకొకసారి ఆ తల పైకి రావడం, మునగడం ఒడ్డు నుంచి కాసేపు కనిపిస్తుంది. తల్లి మాత్రం అరగంట, గంట దాకా కూడా నీటి కింద ఉండగలదు.

ఈ తేడాలో కొంత భాగం శ్రమది, పిల్ల శక్తంతా పెట్టి ఈదుతోంది మరి. మిగతాది పరిమాణానిది. జంతువు బరువు పెరిగినంతగా దాని ఆక్సిజన్ ఖర్చు పెరగదని శాస్త్రవేత్త మాక్స్ క్లైబర్ 1932లో చూపించాడు. ఖర్చు బరువుకు ముప్పావు ఘాతంగా పెరుగుతుందన్నది ఆయన సూత్రం. పరిశోధకులు హెన్రీ ప్రాంజ్, డొనాల్డ్ జాక్సన్ 1976లో మరో సముద్ర జాతి అయిన పచ్చ తాబేళ్ల ఊపిరినీ వాటి ఆక్సిజన్ ఖర్చునూ కొలిచి, శరీర పరిమాణంతో వాటికున్న లంకెను వివరించారు. తాబేళ్లలో ఘాతం ముప్పావు కంటే కాస్త ఎక్కువే ఉండొచ్చు, అయినా ఒకటికి తక్కువే. దీన్ని రిడ్లేకు వర్తింపజేస్తే గ్రాముకు గ్రాము పోల్చినప్పుడు పిల్ల ఖర్చు తల్లి ఖర్చుకు నాలుగు నుంచి ఏడు రెట్లు వస్తుంది. ఊపిరితిత్తుల పరిమాణం మాత్రం దాదాపుగా బరువుతో సమంగా పెరుగుతుంది. నిల్వ సమంగా, ఖర్చు తక్కువగా పెరిగితే మిగిలేది సమయం. పెద్ద తాబేలు ఎక్కువసేపు మునగగలగడానికి ప్రత్యేకమైన ఊపిరితిత్తులు అక్కర్లేదు, పెద్దదవడమే చాలావరకు సరిపోతుంది.

ఊపిరితిత్తులు డొప్పకు లోపలివైపు, వీపు పొడవునా అంటుకుని ఉంటాయి. పక్కటెముకలు డొప్పలో కలిసిపోయాయి కాబట్టి ఛాతీ ఉబ్బదు. భుజాల, కటి, కడుపు కండరాలే గాలిని తోసి లాగుతాయి. ఒక ఊపిరి ఒకటి రెండు సెకన్లలో ముగుస్తుంది. ఆ కాస్త సేపట్లోనే ఊపిరితిత్తుల్లోని గాలి సగం పైగా మారిపోతుంది. తీరిగ్గా కూర్చున్న మనిషి ఊపిరి మార్చేది అందులో చిన్న భాగమే.

నీళ్లలో తేలికగా ఉన్న ఈ ఏర్పాటు ఒడ్డున కష్టమవుతుంది. నీరు మోసిన బరువంతా అక్కడ కడుపు కింద పడుతుంది. నూరు కిలోలు దాటిన పచ్చ తాబేలు నాలుగడుగులు పాకి, ఆగి, ఒళ్లు ఎత్తి ఊపిరి పీల్చి మళ్లీ కదులుతుంది. అది రెండు ముందుకాళ్లూ ఒకేసారి వేసి ఈడ్చుకుంటూ పోతే, తేలికైన రిడ్లే కాళ్లు మార్చి మార్చి వేస్తూ చురుగ్గా నడుస్తుంది. అందుకే ఇసుకలో రెంటి జాడలూ వేరుగా ఉంటాయి.

పరిమాణం ఒక్కటే చెప్పలేని సంగతులూ ఉన్నాయి. నీరు చల్లబడితే ఖర్చు పడిపోతుంది. మధ్యధరా సముద్రంలో చలికాలం గడిపే లాగర్‌హెడ్ తాబేలు ఒకే మునకలో పది గంటలకు మించి ఉన్నట్టు నమోదైంది. అండమాన్, నికోబార్ దీవుల్లో గుడ్లు పెట్టే లెదర్‌బ్యాక్ ఇంకో తీరు. 1988లో వేల్స్ తీరంలోని హార్లెక్ దగ్గర కొట్టుకొచ్చినది 916 కిలోలు తూగింది. వెయ్యి మీటర్లకు పైగా లోతుకు దిగే ఈ తాబేలు గాలి మీద ఆధారపడితే కుదరదు. అంత లోతున ఊపిరితిత్తులు నలిగిపోతాయి. అందుకే దాని ఆక్సిజన్‌లో పెద్ద వాటా రక్తంలోనూ కండరాల్లోనూ ఉంటుంది, లాగర్‌హెడ్ నిల్వలో ఎక్కువ భాగం ఊపిరితిత్తుల్లోనే.

విశాఖ ఒడ్డుకు సీజన్‌లో కొట్టుకొచ్చే చచ్చిన రిడ్లేలు ఈ లెక్క తప్పినవే చాలావరకు. ట్రాల్ వలలో చిక్కిన తాబేలు పెనుగులాడుతుంది. అరగంటకు సరిపోయే ఆక్సిజన్ నిమిషాల్లో కరిగి, లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. అది వదలడానికి గంటల తరబడి పడుతుంది. చిన్నవాటికి గడువు మరీ తక్కువ. వలలో టెడ్ అనే ఇనుప చట్రం బిగిస్తే చేపలు, రొయ్యలు ఊచల సందుల్లోంచి వెనక్కి పోతాయి, తాబేలు పైనో కిందో ఉన్న తలుపు గుండా బయటపడుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో ఉండే వేట నిషేధం చేపల సంతతి కోసం పెట్టింది. గూళ్లు పెట్టే కాలంలో ఎక్కువ భాగం దానికి ముందే ముగుస్తుంది కాబట్టి టెడ్ అవసరం దాంతో తీరదు. అమెరికాలో టెడ్ లేకుండా వల లాగడానికి అనుమతి ఉన్న చోట గడువు చలికాలంలో 75 నిమిషాలు, ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా 55. స్పృహ తప్పి పైకొచ్చిన తాబేలును చచ్చిందని పారేయకూడదని అక్కడి నిబంధన. బోర్లా పడుకోబెట్టి, ఊపిరితిత్తుల్లోని నీరు కారేలా వెనక భాగాన్ని కనీసం ఆరంగుళాలు ఎత్తి, తడిగా ఉంచి 24 గంటల దాకా చూడాలి. తాబేలు పెద్దదైతే ఎత్తు ఇంకా పెంచాలి.