మాస్కో సైన్యపు జట్టు

1891వ సంవత్సరమున అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు నగరమందు, వై.యం.సి.ఏ. వారి శిక్షణ పాఠశాలలో జేమ్సు నైస్మిత్ అను ఉపాధ్యాయుడు, చలికాలమున లోపల ఆడుకొనుటకు తగిన యాట లేక విసిగియున్న విద్యార్థులకొరకు రెండు పండ్లబుట్టలను ఎత్తున కొట్టించి బాస్కెట్ బాల్ ఆటను కల్పించెనని మన బాలు రెరుగుదురు. ఆ వై.యం.సి.ఏ. వారివలననే ఈ యాట మన దేశమునకును వచ్చినది. 1920లో హ్యారీ బక్ దొర మద్రాసులో స్థాపించిన వ్యాయామ కళాశాల పేరు వినని డ్రిల్లు మేష్టరు మన ప్రాంతమున లేడు. అయితే రష్యాదేశమునకు గూడ ఈ యాట ఇదే త్రోవను పోయినదని చాలమంది యెరుగరు. సెంట్ పీటర్సుబర్గులో అమెరికా వై.యం.సి.ఏ. వారి తోడ్పాటుతో నెలకొన్న ‘మయాక్’ అను సంఘములో, అనగా దీపస్తంభమను సంఘములో, 1906లో మొదట ఈ యాట నాడిరి. 1909లో అచ్చటికి వచ్చిన అమెరికా వై.యం.సి.ఏ. జట్టును మయాక్ వారు ఓడించిరి కూడను. శిష్యులు గురువులను మించుటకు మూడేండ్లు చాలినవి!

నేను చరిత్ర బోధించువాడనేగాని ఆటగాడను గాను. గత సంవత్సరము తరగతిలో ఒక విద్యార్థి వార్తాపత్రిక తెచ్చి, “సి.యస్.కె.ఏ. అనగా నేమి సారూ?” అని యడిగెను. ‘సైన్యపు కేంద్ర క్రీడాసంఘము’ అని చెప్పితిని. ఆ యుత్తరము చెప్పిన పిదప ఆ సంఘపు చరిత్రను చదువనారంభించితిని, చదివినకొలది విడువలేకపోతిని.

ఆ సంఘము 1911లో మంచుపై జారెడు స్కీ యాటను ప్రేమించువారి సంఘముగా పుట్టినది. విప్లవానంతరము 1923లో సైన్యము దానిని తనదిగా చేసికొన్నది. 1928లో దాని పేరు ఎర్రసైన్యపు కేంద్ర భవనము. 1951లో సోవియెట్ సైన్యపు భవనము. ఇంకను ఒకటి రెండు పేర్లు మారి 1960లో ఇప్పటి పేరు కుదిరినది. రాజ్యము మారినప్పుడెల్ల పలక మారినదేగాని ఇల్లు మారలేదు. 1945లో మొదటిమారు సోవియెట్ దేశమంతటికిని విజేతలైరి. ఆ దేశ మంతరించులోపల ఇరువదినాలుగు మార్లు ఆ పదవి వారికే దక్కినది.

ఇంతటి బలమెట్లు కలిగెను? సోవియెట్ రాజ్యమున ప్రతి యువకుడును కొంతకాలము సైన్యమున కొలువు చేయవలెను. ఏ మారుమూల పట్టణమున మంచి యాటగాడు తలయెత్తినను, సైన్యము పిలిచిన రానని చెప్పుట దుర్లభము. పేరునకు వారు సైనికులు; పని మాత్రము బంతియాటయే. కీవ్ నుండి ఏడడుగులకు మించిన త్కచెంకో వచ్చెను. బేలారుస్ నుండి ఎదెష్కో వచ్చెను. సైబీరియాలోని ఒక పల్లెయందు పుట్టి, ఊరల్ పర్వతప్రాంతపు స్వెర్ద్‌లోవ్‌స్క్ నగరమున ఆడుచుండిన సెర్గేయ్ బెలోవ్ 1968లో వచ్చెను. అందరిలో నాకు ప్రియమైనవాడు అర్మెనాక్ అలచచ్యాన్. అతడు ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో పుట్టిన అర్మేనీయుడు, పొడగరి కాడు. పొడగరుల యాటలో నడితరపు మనిషి జట్టును నడిపించుట చూచి మన పొట్టి బాలురు ధైర్యము తెచ్చుకొనవచ్చును.

ఐరోపా ఛాంపియన్ల కప్పును మొదటి మూడేండ్లు, 1958 మొదలు 1960 వరకు, గెలిచినది రీగా నగరపు సైన్యజట్టు. దాని శిక్షకుడు అలెగ్జాండర్ గొమెల్‌స్కీ. 1961లో మాస్కోవారు ఆ రీగా జట్టునే ఓడించి కప్పును గైకొనిరి. కొన్నాళ్లకు గొమెల్‌స్కీని గూడ మాస్కోకే తెచ్చుకొనిరి. ఆటగాండ్రతో తృప్తి చెందక గురువును సైతము తెచ్చుకొన్న ఘనులు!

1963 నాటి కడపటి పోటీ లెక్కల మేష్టరులకు నచ్చును. మాద్రిదులో రియల్ మాద్రిద్ జట్టు 86-69గా గెలిచెను. మాస్కోలో సైన్యపు జట్టు 91-74గా గెలిచెను. రెండును సరిగా పదునేడేసి పాయింట్ల భేదమే! ఇక మూడవ ఆట పెట్టక తప్పలేదు. దానిని 99-80గా మాస్కోవారు గెలిచిరి. 1969లో మరల రియల్ మాద్రిదుతోనే తలపడి, రెండుమార్లు అదనపు కాలము ఆడిన పిమ్మట 103-99గా గెలిచిరి. అప్పటికి అలచచ్యాన్ ఆట మాని శిక్షకుడై యుండెను. 1971లో గొమెల్‌స్కీని ప్రభుత్వమువారు దేశము దాటనీయలేదు. అందుచేత ఆంట్వెర్ప్ నగరమున జరిగిన కడపటి పోటీలో సెర్గేయ్ బెలోవ్ తానే ఆడుచు, తానే జట్టును నడిపి, ఇటలీ జట్టును 67-53గా ఓడించెను. 1972 మ్యూనిక్ ఒలింపిక్సులో సోవియెట్ జట్టు అమెరికాను 51-50గా గెలిచినప్పుడును ఇరువది పాయింట్లు ఇతనివే.

ఆనాడు కడపటి మూడు సెకండ్లలో ఎదెష్కో మైదానపు ఈ కొననుండి ఆ కొనకు విసరిన బంతిని అందుకొని బుట్టలో వేసిన అలెగ్జాండర్ బెలోవ్ వేరొకడు. ఇంటిపేరు ఒకటేగాని చుట్టరికము లేదు. అతడు లెనిన్‌గ్రాడు స్పార్టక్ జట్టువాడు. తన యూరి జట్టును విడువలేదు. 1975లో ఆ జట్టు మాస్కోవారిని వెనుకకు నెట్టి దేశమున ప్రథమస్థానము పొందెను. మూడేండ్లకు, ఇరువదియారేండ్ల ప్రాయముననే, అతడు మరణించెను. లిథువేనియాలో కౌనస్ నగరపు సబోనిస్ గూడ ఊరు విడువలేదు. 1985 మొదలు మూడేండ్లు వరుసగా అతని జల్గిరిస్ జట్టు మాస్కో సైన్యపు జట్టును రెండవ స్థానమున నిలిపినది. ఆ చిన్న జాతివారికి అది వట్టి ఆట కాదు.

ఇచ్చట నా స్వంత విషయ మొకటి చెప్పవలసియున్నది. కొన్నేండ్ల క్రిందట మా జట్టులో కెల్ల పొడగరియు నేర్పరియునైన బాలుని, పట్టణములోని యొక పెద్ద పాఠశాలవారు భోజనము, బస, జీతము లేని చదువు ఇచ్చెదమని పిలిచిరి. తండ్రి కూలివాడు. నాయొద్దకు వచ్చి, “పంపమంటారా అయ్యగారూ, ఉంచమంటారా?” అని యడిగి అరుగుమీద కూర్చుండెను. పంపుమంటిని. మా డ్రిల్లు మేష్టరు వారముదినములు నాతో మాటలాడలేదు. ఆయన కోపములో న్యాయము లేకపోలేదు. నాటిన వా డొకడు, కోసికొనువాడు మరియొకడు. అయినను సెర్గేయ్ బెలోవ్ మాస్కోకు పోకున్నచో లోక మతనిని ఎరిగియుండునా? 1992లో నైస్మిత్ పేరిట అమెరికాలో వెలసిన కీర్తిమందిరమున, అమెరికా జట్లలో ఆడని విదేశపు ఆటగాండ్రలో ప్రథముడుగా చోటు దొరికినది అతనికే. ఈ రెండు పక్షములను నేనింకను తూచుచునే యున్నాను.

సోవియెట్ రాజ్యము పోయిన పిదప సైన్యపు పిలుపునకు మునుపటి బలము లేదు. ఆటగాండ్రు జీతములు పుచ్చుకొను వృత్తికారులైరి. అయినను 1992 మొదలు 2000 వరకు తొమ్మిదేండ్లు రష్యాలో ఆ జట్టునకు ఎదురు లేదు. 2001లో పెర్మ్ అను ఊరల్ నగరపు జట్టు ఆ వరుసను త్రెంచెను. 2002లోను అదియే గెలిచెను. ఆ జట్టునకు శిక్షకు డెవడు? సెర్గేయ్ బెలోవ్! ఒకప్పుడు ఊరల్ ప్రాంతమునుండి మాస్కోకు పోయినవాడే ఊరల్ జట్టుతో వచ్చి మాస్కోను ఓడించెను.

పిమ్మట మాస్కోవారు ధనముతోను, ఇటలీ గ్రీసు శిక్షకులతోను మరల లేచిరి. 2006, 2008, 2016, 2019 సంవత్సరములలో ఐరోపా కప్పును గెలిచి మొత్తము ఎనిమిది చేసికొనిరి. నడుమ 2012లో ఇస్తాంబులున పందొమ్మిది పాయింట్ల ఆధిక్యమును పోగొట్టుకొని గ్రీసు జట్టుచేత 62-61గా ఓడిరి. 2022లో యుక్రెయిను యుద్ధము కారణముగా రష్యా జట్లను ఐరోపా పోటీలనుండి నిలిపివేసిరి. వారి ఆటశాలకు, 2005లో గతించిన గొమెల్‌స్కీ పేరు పెట్టుకొనిరి.

సెర్గేయ్ బెలోవ్ 2013వ సంవత్సరము అక్టోబరు నెలలో పెర్మ్ నగరమున కన్నుమూసెను. ఆయనను మాస్కోలో సమాధి చేసిరి.