మనోవర్తి పెంపు – ఏలినాటి శని

మా పాపకి నేనిచ్చే మనోవర్తి పెంచమని ఆమె తల్లి కోర్టులో పిటిషన్ వేసింది. అప్పటికే మా కంపెనీలో జీతాలు తగ్గించారు. ఇంటి లోను వాయిదా మాత్రం తగ్గలేదు. "ఏలినాటి శనిరా, తైలాభిషేకం చేయించు" అన్నాడు మా బాబాయి. "ఉద్యోగం మానేసి ఆదాయం లేదని చెప్పు" అన్నాడొక మిత్రుడు. మొదటిది మూఢనమ్మకం, రెండోది మోసం. నిజం నుంచి పారిపోవడానికే రెండూ.

మనోవర్తికి నెలకి 500 రూపాయలే గరిష్ఠమన్న పాత పరిమితిని 2001లో తీసేశారు. పరిస్థితులు మారితే మొత్తాన్ని పెంచవచ్చు, తగ్గించవచ్చు కూడా; 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహితలో అది 146వ సెక్షన్. ఇద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పులు అఫిడవిట్‌లో చూపాలని సుప్రీం కోర్టు 2020లో రజనేష్–నేహా కేసులో ఆదేశించింది.

నేను జీతం స్లిప్పులు, లోను కాగితాలు పెట్టాను. ఆమె స్కూలు ఫీజు రశీదులు పెట్టింది. నా ఇబ్బంది ఎంత నిజమో ఆ రశీదులూ అంతే నిజం. తనకి అనుకూలమైన రుజువునే ఒప్పుకునేవాడు హేతువాది ఎలా అవుతాడు? అడిగినంత ఇవ్వలేను. ఫీజులో సగం అదనంగా కడతానని రాసిచ్చాను. మిగతాది జడ్జిగారు లెక్క చూసి తేలుస్తారు, శనీశ్వరుడు కాదు.